యుద్ధం, శాంతి, సైనికవాదంపై పాత పుస్తకాలు సేకరించడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులకు

యుద్ధాల మీద, శాంతి ఉద్యమాల మీద వచ్చిన పాత పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, ఎంతకు కొనాలి, కొన్నది పనికివచ్చేదో కాదో ఎలా తెలుస్తుంది అని నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి పాఠకులు తరచుగా అడుగుతున్నారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు తేలిక. మూడోదే కష్టం కనుక ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే పోతుంది. కవిత్వమో నవలో కొనేటప్పుడు రచయిత పేరు చూసుకుంటే దాదాపు సరిపోతుంది. ఈ విషయంలో సరిపోదు. యుద్ధం గురించీ శాంతి గురించీ వెలువడిన పుస్తకాలలో చాలా వాటి వెనుక ఏదో ఒక ప్రభుత్వమో, రాయబార కార్యాలయమో, పార్టీయో, సైన్యమో ఉంటుంది. అందుచేత ఎవరు రాశారన్నదానికంటే ముందు ఎవరు అచ్చువేశారు, ఏ నెలలో ఏ సంవత్సరంలో వేశారు, ఎవరి చేతికి అందించారు అన్నవి తేల్చుకోవాలి. ఈ మూడూ తేలని పుస్తకం ఎంత అరుదైనదని చెప్పినా ఎక్కువ ధర పెట్టవద్దు.

కావలసినవి

పెన్సిలు, జేబులో పట్టే నోటు పుస్తకం, చిన్న భూతద్దం, ఫోను, గట్టి గుడ్డసంచి, మెత్తని వెడల్పు బ్రష్షు, గాలి చొరకుండా మూసుకునే ప్లాస్టిక్ కవర్లు. పాత పేపర్ల కొట్లలో కూర్చుని వెతకాలనుకుంటే ముక్కుకు గుడ్డ కట్టుకోవడం తప్పనిసరి. పాత కాగితపు దుమ్ము, బూజు ఊపిరితిత్తులకు మంచివి కావు. పెన్ను మాత్రం ఇంట్లోనే వదిలి రండి. పుస్తకం మీద సిరాతో ఏదీ రాయకూడదన్న నియమం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

1. ముందుగా హద్దు గీసుకోండి

"యుద్ధం" అన్న పేరుతో కనిపించినదల్లా కొనడం మొదలుపెడితే ఆరు నెలల్లో అలమర నిండుతుంది గాని సేకరణ ఏర్పడదు. ఒక కాలాన్నో, ఒక యుద్ధాన్నో, ఒక వాదాన్నో ఎంచుకోండి. మన ప్రాంతంలో దొరికే సామగ్రిని బట్టి నాలుగు దారులు సూచిస్తాను.

మొదటిది, 1942 నాటి కోస్తా. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం పెద్దఎత్తున ఊళ్లు పట్టారు. విమానదాడులప్పుడు ఏం చేయాలో చెప్పే కరపత్రాలు, ఏ.ఆర్.పి. (విమానదాడుల నుంచి రక్షణ) చిన్న పుస్తకాలు, యుద్ధనిధి రసీదులు, ఆనాటి పత్రికల సంచికలు దీనికింద వస్తాయి. రెండవది, ప్రచ్ఛన్న యుద్ధకాలపు శాంతి సాహిత్యం: 1950లో అణ్వాయుధాల నిషేధాన్ని కోరిన స్టాక్‌హోం విజ్ఞప్తి మొదలుకొని నిరాయుధీకరణ దాకా. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుట్టినది నెల్లూరు జిల్లాలోనే. వామపక్ష కుటుంబాలు ఉన్న పల్లెల్లో అటకల మీద ఈ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. మూడవది, గాంధీ, వినోబాల అహింసా సాహిత్యం. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ చేతుల మీదుగా ఆశ్రమం ప్రారంభమైన ప్రాంతం గనుక, భూదానం, శాంతిసేన మీద సర్వసేవా సంఘం వేసిన పలుచని పుస్తకాలు పాత గాంధేయవాదుల ఇళ్లలో కనిపించడంలో ఆశ్చర్యం లేదు. నాలుగవది, 1962, 1965, 1971 యుద్ధాల మీద సైనికాధికారులు, విలేకరులు రాసినవి. ఇవి ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి.

ఆయుధాలు, యుద్ధవిమానాల బొమ్మల పుస్తకాలను ఈ హద్దులో చేర్చుకోవద్దని నా సలహా. అవి చూడముచ్చటగానే ఉంటాయి గాని సైనికవాదం గురించి ఏమీ చెప్పవు, పైగా బరువు.

2. ఎక్కడ వెతకాలి

జిల్లాలో ప్రధానమైన చోటు పాత పేపర్ల కొట్టు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కొట్టు యజమానితో పరిచయం పెంచుకుని, "పుస్తకాల మూటలు విప్పేటప్పుడు ఒక మాట చెప్పండి, తూకం ధర కంటే ఎక్కువే ఇస్తాను" అని ఫోను నంబరు ఇచ్చి రావడం ఉత్తమం. కొన్ని కొట్లలో గట్టి అట్టలను, కాగితాన్ని వేరుచేసి కట్టలు కడతారు. మీరు చేరేసరికి అట్ట, దానితోపాటు ముఖపత్రం (పుస్తకం పేరు, ప్రచురణ వివరాలు ఉండే లోపలి పుట) పోయి ఉంటే ఆ పుస్తకం తేదీ తేల్చడం చాలా కష్టమవుతుంది. కాబట్టి అట్టలు చింపవద్దని ముందే చెప్పుకోవాలి.

కాలం కూడా చూసుకోవాలి. మే, జూన్ నెలల్లో కొట్ల నిండా బడి పుస్తకాలే ఉంటాయి. వెతకడం వృథా శ్రమ. దసరా ముందు ఇళ్లకు సున్నాలు వేయించేటప్పుడూ, సంక్రాంతి ముందూ అటకలు దిగుతాయి. భోగి మంటలోకి పోయే పాత కాగితాలలో ఏముంటుందో ఇంటివారికే తెలియదు, కనుక డిసెంబరు నెలాఖరులోనే నలుగురికీ చెప్పి ఉంచండి.

ఇళ్లకు వెళ్లేటప్పుడు మర్యాద ముఖ్యం. వకీళ్లు, అధ్యాపకులు, పార్టీ కార్యకర్తలు, సైన్యంలో పనిచేసి వచ్చినవారు పోయిన తరువాత వారి పుస్తకాలు పిల్లలకు భారమవుతాయన్నది నిజమే. అయినా పెద్దకర్మ కాకుండా ఆ మాట ఎత్తకండి. "పుస్తకాలు అమ్ముతారా?" అని కాక, "అమ్మా, అయ్యగారి పుస్తకాలు ఒకసారి చూడనిస్తారా?" అని అడగండి. చూసిన తరువాత ఏది ఎందుకు విలువైనదో వారికి చెప్పి కొనండి. తెలియనివారి దగ్గర తూకానికి కొట్టేసుకోవడం లాభంలాగా కనిపిస్తుంది గాని, ఆ వీధిలో మళ్లీ ఎవరూ తలుపు తీయరు.

జిల్లా దాటితే విజయవాడ లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల కొట్లు, జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం, హైదరాబాదులో కోఠీ, ఆదివారం ఆబిడ్స్ కాలిబాట, చెన్నై సెంట్రల్ దగ్గర పాత మూర్ మార్కెట్టు వారసత్వంగా మిగిలిన కొట్లు ఉన్నాయి. ఉదయం పినాకిని ఎక్కితే నెల్లూరు, ఒంగోలు వారికి చెన్నై వెళ్లడం సులభమే. సైనిక చరిత్రకు చెన్నై, వామపక్ష శాంతి సాహిత్యానికి విజయవాడ మెరుగు.

దూరం నుంచి తెప్పించుకునేవారు అట్ట బొమ్మ చూసి డబ్బు పంపవద్దు. ముఖపత్రం, దాని వెనుక పుట, చివరి పుట, వెన్ను, ఈ నాలుగింటి ఫోటోలు అడగండి. పాత స్కాన్ల నుంచి అచ్చుతీసి, కొత్త అట్ట వేసి, పాత పుస్తకం పేరుతో అమ్మేవి ఇప్పుడు విపరీతంగా ఉన్నాయి. వాటిలో పటాలు సగానికి తెగి ఉంటాయి, పుటలు జారిపోయి ఉంటాయి. తపాలా ఖర్చు విషయంలో, 2025 మేలో మొదలైన జ్ఞాన్ పోస్ట్ కింద 5 కిలోల వరకు పుస్తకాల పొట్లాలను తక్కువ ఖర్చుతో పంపవచ్చు. మీ పొట్లానికి అది వర్తిస్తుందో లేదో పంపేవారిని కౌంటరులో అడగమనండి.

3. చేతిలోకి తీసుకున్నాక చూడవలసిన వరుస

వెనుక నుంచి ముందుకు చూడండి. చివరి పుట ఉందా, వాక్యం పూర్తయిందా, విషయసూచికలో చివరి అధ్యాయం సంఖ్య లోపల ఉందా అన్నది మొదట తేలాలి. తరువాత వెన్ను దగ్గర కుట్టు చూడండి. ఒక ఫారం మొత్తం, అంటే ఎనిమిదో పదహారో పుటలు, ఒకేసారి ఊడిపోవడం మామూలు. ముందూ వెనుకా పుటలు చక్కగా ఉంటాయి కాబట్టి అది వెంటనే కంటపడదు. పుటల సంఖ్యలు బొటనవేలితో వరుసగా తిప్పి చూడటం ఒక్కటే మార్గం.

యుద్ధ పుస్తకాలలో ఇంకో ప్రత్యేకమైన లోపం పటాలు పోవడం. మడతపెట్టిన పెద్ద పటం పుస్తకానికి కుట్టి ఉన్నచోట ఎవరో చింపుకుంటే, వెన్ను పక్కన వేలెడు వెడల్పున కాగితపు అంచు మాత్రం నిలిచి ఉంటుంది. పుస్తకాన్ని బాగా తెరిచి, భూతద్దంతో ఆ సందుల్లో చూస్తే కత్తిరించిన అంచు నున్నగానూ, చింపిన అంచు నూగునూగుగానూ కనిపిస్తాయి. రెజిమెంటు చరిత్రలు, అధికారిక యుద్ధ చరిత్రలు అయితే చివరి అట్ట లోపల జేబు ఉందేమో, అందులో పటాలు ఉన్నాయేమో చూడండి. మొదట్లో ఇచ్చిన పటాల జాబితాను, ఛాయాచిత్రాల జాబితాను లోపలివాటితో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. పటం లేని యుద్ధ చరిత్రకు సగం ధర కూడా ఎక్కువే.

సంపుటాల సంగతి వేరు. అమ్మేవారు ఒకటో సంపుటాన్నే పూర్తి పుస్తకంగా చూపించడం తరచుగా జరుగుతుంది. శాంతిలోనూ యుద్ధంలోనూ అహింసపై గాంధీజీ రచనల ఇంగ్లీషు సంకలనాన్ని నవజీవన్ వారు రెండు సంపుటాలుగా, 1942లో ఒకటి, 1949లో ఒకటి వేశారు. విడివిడిగా దొరికినప్పుడు ఒక్కదానితో పని పూర్తయిందనుకోవద్దు. టాల్‌స్టాయ్ "యుద్ధము-శాంతి" మూలంలో నాలుగు సంపుటాలు, రెండు భాగాల ఉపసంహారం ఉన్నాయి. మూడు వందల పుటల్లో ముగిసిన ప్రతి ఏదైనా సంక్షిప్తమే, అట్ట మీద ఆ మాట ఉన్నా లేకపోయినా.

4. కాలం తేల్చుకోండి

ముద్రణ సంవత్సరం ఉంటే మంచిదే. "ప్రథమ ముద్రణ" అన్న పుట ఊడిపోయిన చోట, అసలు సంవత్సరమే వేయని కరపత్రాల విషయంలో ఈ గుర్తులు పనికివస్తాయి.

వెల చూడండి. "రు. 1-8-0" అని మూడు అంకెలుంటే రూపాయలు, అణాలు, పైల లెక్క, అంటే రూపాయిన్నర. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి గనుక అది అంతకు ముందుదో, ఆ మార్పు జరిగిన కొత్తల్లోదో అయి ఉంటుంది. "న.పై." (నయా పైసలు) అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. పాత వెల మీద కొత్త వెల చీటీ అంటించి ఉంటే చీటీని పీకవద్దు. అదీ ఒక సాక్ష్యమే.

చిరునామా చూడండి. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15 నుంచి వచ్చింది. 524తో మొదలయ్యే నెల్లూరు చిరునామా గాని, 523తో మొదలయ్యే ఒంగోలు చిరునామా గాని ముద్రలో ఉంటే ఆ ముద్ర ఆ తరువాతదే.

జిల్లా పేరు మనవారికి బాగా ఉపయోగపడే గుర్తు. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పెట్టుకుంది. అంతకుముందు ఒంగోలు, అద్దంకి గుంటూరు జిల్లాలోనూ, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ ఉండేవి. కనుక "పొదిలి, నెల్లూరు జిల్లా" అన్న గ్రంథాలయ ముద్ర ఉంటే ఆ పుస్తకం 1970కి ముందే ఆ ఊరు చేరిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. "దాదాపు" అనడానికి కారణం, పాత రబ్బరు ముద్రలను కొత్తవి చేయించేదాకా వాడుతూనే ఉంటారు.

తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్ల తేడాతో పొరబడే ప్రమాదం ఉంది. 1939 ఉగాదికి ప్రమాది, 1942కు చిత్రభాను, 1944కు తారణ మొదలయ్యాయి. చిత్రభాను 2002లోనూ వచ్చింది. కాగితం, అచ్చు, వెల చూస్తే ఏ ఆవృత్తో తెలుస్తుంది.

పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐ.ఎస్.బి.ఎన్. పదమూడు అంకెలతో 2007 నుంచి వాడుకలోకి వచ్చింది, పదంకెలది 1970 నుంచి. 978తో మొదలయ్యే సంఖ్య ఉన్న ప్రతిని "అరవైల నాటి అసలు ముద్రణ" అని చెబితే చిరునవ్వు నవ్వి పక్కన పెట్టేయండి. ఇంగ్లీషు పుస్తకాలలో ముఖపత్రం వెనుక 10 నుంచి 1 దాకా అంకెల వరుస ఉంటే, అందులో మిగిలిన అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిషు పుస్తకాలలో పుస్తకం మీద కూర్చున్న సింహం గుర్తు కనిపిస్తే, అది 1942లో వచ్చిన కాగితపు పొదుపు ఒప్పందం ప్రకారం అచ్చయినదన్నమాట. కాగితం పలుచన, అంచులు ఇరుకు. అలాంటి ప్రతి పాడైపోయిందని తీసివేయవద్దు, పుట్టుకే అలాంటిది.

5. ఎవరు అచ్చువేశారో చదవండి

ఇది అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు, చాలామంది దాటివేసేది కూడా. పుస్తకం తెరిచి మొదటి అధ్యాయానికి పోకుండా, ప్రచురణకర్త పేరు, ముద్రణాలయం, పంపిణీదారు ముద్ర, ఈ మూడూ రాసుకోండి.

ఒక సోవియట్ పుస్తకాన్ని దగ్గరగా చూద్దాం. 1963 ప్రాంతం దాకా మాస్కో విదేశీ భాషా ప్రచురణాలయం, ఆ తరువాత ప్రగతి ప్రచురణాలయం, సాహిత్య గ్రంథాలకు 1980ల నుంచి రాదుగ. గట్టి అట్ట, కుట్టు బైండింగు, చివర పాఠకుల అభిప్రాయాన్ని కోరుతూ మాస్కో జుబోవ్‌స్కీ బుల్వార్ చిరునామా. ముఖపత్రం మీద విజయవాడ విశాలాంధ్ర వారి ముద్రో, రూపాయల్లో వెల చీటీయో ఉంటుంది. మాస్కోలో తయారైన పుస్తకం మన జిల్లాలోని పల్లెకు ఎలా చేరిందో ఆ ఒక్క పుట చెబుతుంది. 1991లో సోవియట్ యూనియన్ రద్దు కావడంతో ఈ ధార ఆగిపోయింది. అందుకే ఇప్పుడు వీటికి అడిగేవారు ఎక్కువ, ధరలూ పెరిగాయి. ఇందులో శాంతి గురించి రాసినదంతా అబద్ధమని గాని, అంతా నిజమని గాని నేననను. ఏ దేశపు క్షిపణుల ప్రస్తావన ఉంది, ఏ దేశపువి లేవు అని పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటూ చదివితే పుస్తకం తన సంగతి తానే చెబుతుంది.

అవతలి వైపు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. మద్రాసులో 1955లో ఏర్పడిన దక్షిణ భాషా పుస్తక సంస్థకు అమెరికాలోని ఫోర్డ్ ఫౌండేషన్ నిధులు ఇచ్చింది. ఇ.ఎల్.బి.ఎస్. (ఇంగ్లీష్ లాంగ్వేజ్ బుక్ సొసైటీ) ముద్ర ఉన్న చౌక ఇంగ్లీషు పుస్తకాలకు బ్రిటిషు ప్రభుత్వ సహాయం ఉండేది. సాంస్కృతిక స్వాతంత్ర్యం పేరుతో అంతర్జాతీయంగా పనిచేసిన మేధావుల సంస్థకు అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. డబ్బు అందిందని 1960ల మధ్యలో బయటపడింది. ఇవి తెలిసినంత మాత్రాన ఆ పుస్తకాలను తీసివేయనక్కర్లేదు. అలమరలో ఎదురెదురుగా పెట్టుకోవాలి.

తేదీ, ప్రచురణకర్త కలిసి పనిచేసే చోటు చూడండి. 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. దానికి ముందు మన కమ్యూనిస్టు కరపత్రాలలో అది సామ్రాజ్యవాద యుద్ధం; ఆ ఏడాది చివరికి అదే ప్రజాయుద్ధం. పార్టీ మీద నిషేధం 1942 జూలైలో తొలగింది, ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది. కాబట్టి ఒకే పార్టీ, ఒకే యుద్ధం గురించి వేసిన రెండు కరపత్రాలు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధంగా ఉంటే గాబరాపడకుండా నెల చూడండి. అలాగే 1954 పంచశీల ఒప్పందం తరువాత వచ్చిన భారత-చైనా మైత్రి పుస్తకాన్ని, 1962 అక్టోబరు 20 తరువాత వచ్చిన పుస్తకంతో కలిపి కొంటేనే రెండూ అర్థమవుతాయి. అహింస సంకలనాలలోనూ ఇలాంటి జాగ్రత్త అవసరం: 1918లో ఖేడాలో బ్రిటిషు సైన్యానికి మనుషులను చేర్పించడానికి గాంధీజీ ఊరూరా తిరిగారు. ఆ సంవత్సరపు రచనలను చేర్చిన సంకలనం ఏది, వదిలేసినది ఏది అని చూస్తే సంపాదకుడి ఉద్దేశం తెలిసిపోతుంది. గాంధీజీ సమగ్ర రచనల విషయంలో 1958 నుంచి 1994 వరకు వెలువడిన వంద సంపుటాల అసలు ముద్రణకే ప్రాధాన్యమివ్వండి. 1999 తరువాత వచ్చిన సవరించిన ముద్రణలో కొన్ని అంశాలు జారిపోయాయని వివాదం రేగి, దానిని ఉపసంహరించారు.

6. ధర

అచ్చులో ఉన్న వెలకు, ఈనాటి ధరకు సంబంధం లేదు. ఇప్పటికీ పునర్ముద్రణలో ఉన్న పుస్తకమైతే కొత్తదాని ధరలో సగం దాటవద్దు. కరపత్రాలు, సభల ఆహ్వానాలు, శాంతి సమితుల నివేదికల వంటివి కుట్టని పలుచని కాగితాలు కాబట్టి అమ్మేవారు వాటిని లెక్కచేయరు, కొనేవారూ వదిలేస్తారు. మీరు మాత్రం గట్టి అట్ట పుస్తకాన్ని వదులుకునైనా వాటిని తీసుకోండి. గట్టి అట్టది మళ్లీ దొరుకుతుంది. మూడు మడతల కరపత్రం దొరకదు.

డబ్బు పెట్టలేనివారికి మరో దారి ఉంది. భారతీయ గ్రంథాల స్కాన్లు ఆర్కైవ్.ఆర్గ్‌లో చాలా ఉన్నాయి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి గనుక, అటువంటివాటిని నిశ్చింతగా దించుకుని, ముద్రణ వివరాల పుటను మాత్రం కాగితం మీద తీసి ఉంచుకోవచ్చు. కొనేముందు స్కాన్ చదవడం కొనగలిగినవారికీ మంచి అలవాటు.

7. కొనకూడనివి

గ్రంథాలయ ముద్ర ఉండి, తొలగించినట్టు ముద్ర గాని సంతకం గాని లేని పుస్తకం కనిపిస్తే ఆ గ్రంథాలయాన్ని అడిగి తెలుసుకున్నాకే కొనండి. మూతపడిన పల్లె గ్రంథాలయాల పుస్తకాలు తూకానికి పోవడం ఉన్నదే, దొంగిలించినవీ ఉంటాయి.

సైన్యంలో పనిచేసినవారి ఇళ్లలో "రిస్ట్రిక్టెడ్" అని గాని, కార్యాలయ ఉపయోగానికి మాత్రమే అని గాని అచ్చయిన శిక్షణ పుస్తకాలు, పటాలు కనిపిస్తే, అవి ఎంత పాతవైనా తీసుకోవద్దు, ఫోటో తీసి ఎవరికీ పంపవద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమలులో ఉంది. సేకరణ సరదాకు దానితో పేచీ ఎందుకు? సైనికుల ఉత్తరాలు, డైరీలు కుటుంబం ఇష్టపడి ఇస్తే తప్ప అడగకండి. ఇచ్చినా వాటిలోని విషయాన్ని వారి అనుమతి లేకుండా బయటపెట్టకండి.

8. ఇంటికి తెచ్చాక

కొత్తగా వచ్చిన పుస్తకాన్ని నేరుగా అలమరలో పెట్టవద్దు. కనీసం రెండు వారాలు వేరుగా ఉంచాలి. కింద తెల్ల కాగితం పరిచి పుస్తకం నిలబెడితే, సన్నని పొడి రాలుతోందా, పురుగు తిరుగుతోందా అన్నది తెలుస్తుంది. పురుగు ఉంటే పుస్తకాన్ని పూర్తిగా ఆరనిచ్చి, ప్లాస్టిక్ కవరులో గాలి తీసి బిగించి, ఫ్రిజ్ పైఅరలోని ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పవద్దు. విప్పితే గాలిలోని తేమ కాగితం మీద నీరై చేరుతుంది. ఛాయాచిత్రాలు అంటించిన ఆల్బములకు, తోలు బైండింగులకు ఈ పద్ధతి వద్దు.

ఎండలో ఆరబెట్టడం మనవాళ్లకు అలవాటు. నెల్లూరు మే నెల ఎండకు వడియాలు ఎండుతాయి, న్యూస్‌ప్రింటు పొడి అవుతుంది. నీడలో, గాలి తగిలే చోట, పుటలు విప్పి నిలబెట్టండి. మెత్తని బ్రష్షుతో వెన్ను నుంచి బయటికి దులపండి. తడిగుడ్డ వాడవద్దు. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించవద్దు. కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది, తీయడం సాధ్యం కాదు. స్థానిక బైండరుకు ఇచ్చేటప్పుడు అంచులు కోయవద్దని, పాత అట్టను, ముద్రలున్న పుటలను అలాగే లోపల కుట్టమని రెండుసార్లు చెప్పండి. అలవాటు కొద్దీ కటింగ్ మిషనులో పెట్టేస్తారు, పుటల పక్కన పాత యజమాని రాసుకున్న మాటలన్నీ తెగిపోతాయి. కొందరు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం గనుక పిల్లలున్న ఇంట్లో మీరు సొంతంగా కలపవద్దు.

మనది ఈశాన్య రుతుపవనాల తీరం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, తుపానులు. ఆ నెలల్లో పుస్తకాలను గోడకు ఆనించవద్దు, కింది అరలో పెట్టవద్దు, వారానికోసారి అలమర తలుపులు పొడి గాలికి తెరవండి. కలరా ఉండలు వేస్తే పడకగదిలో వేయవద్దు, పుస్తకానికి తగలనీయవద్దు. వాటికి బదులు బాగా ఎండిన వేపాకును గుడ్డలో కట్టి పెట్టేవారు ఉన్నారు. పచ్చి ఆకు మాత్రం తేమను తెస్తుంది. చెద పట్టిన ఇంట్లో ఇవేవీ పనిచేయవు, ముందు గోడకు మందు వేయించాల్సిందే.

9. పట్టిక రాసుకోండి

పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణాలయం, నెల, సంవత్సరం, ముద్రలు, ఎక్కడ ఎవరి ద్వారా వచ్చింది, ఎంతకు, లోపాలు: ఈ గడులు చాలు. పుస్తకం లోపలి అట్ట మూలలో వరుస సంఖ్య పెన్సిలుతో వేయండి. లోపల దొరికిన బస్సు టికెట్టు, రసీదు, ఎండిన ఆకు వంటివాటిని పారేయకుండా, ఏ పుట మధ్య దొరికాయో రాసి, విడి కవరులో అదే సంఖ్యతో దాచండి. కొన్ని సందర్భాల్లో తేదీ తేల్చేది ఆ రసీదే.

తరచుగా జరిగే పొరపాట్లు

ఒకే పక్షం పుస్తకాలు కుప్పపోయడం మొదటిది. తమకు నచ్చిన వాదమే అలమర నిండా ఉండటం చాలామందికి గుర్తుకు కూడా రాదు. రెండవది, పేరులో శాంతి అన్న మాట చూసి శాంతివాద గ్రంథమని నమ్మడం. సైన్యాలన్నీ తమ పని శాంతి స్థాపనే అంటాయి. మూడవది, యుద్ధం ముగిసిన తరువాత రాసిన జ్ఞాపకాలను యుద్ధకాలపు సాక్ష్యంగా లెక్కించడం. పదవీ విరమణ చేసిన అధికారి ఇరవై ఏళ్ల తరువాత రాసినదానిలో ఎవరు తప్పు చేశారన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. నాలుగవది, వివరాలు రాయకుండా ఫోటోలు మాత్రమే తీసి ఉంచుకోవడం. ఫోను పోతే పట్టిక పోతుంది.

సరిగా జరుగుతోందో లేదో చూసుకోవడం

ఏడాదికోసారి, వానలు మొదలుకాకముందు, ఒక యుద్ధాన్ని తీసుకుని పరీక్షించండి. ఉదాహరణకు 1971. డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో పాకిస్తాను సేనల లొంగుబాటుతో ముగిసిన ఆ యుద్ధం మీద మీ దగ్గర ఆ నెలల్లోనే అచ్చయినది ఒకటి, కనీసం పదేళ్ల తరువాతది ఒకటి, పాకిస్తాను వైపు నుంచి వచ్చినది ఒకటి, బంగ్లాదేశ్ వారిది ఒకటి, యుద్ధాన్నే ప్రశ్నించినది ఒకటి ఉన్నాయా? ఐదింటిలో మూడు గడులు నిండితే మంచి దారిలో ఉన్నట్టే. తరువాత పట్టిక నుంచి ఏవో పది సంఖ్యలు ఎంచి, ఆ పుస్తకాలను తీసి, ముద్రణ వివరాలు, పటాల సంఖ్య మళ్లీ సరిచూడండి. కొన్న రోజు ఉత్సాహంలో రాసినవి ఇప్పుడు నిదానంగా చూస్తే తప్పని తేలడం మామూలే. అనుమానం తీరకపోతే మరో ప్రతితో పోల్చాలి. అందుకు 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయం ఉంది. మీ ప్రతిని వెంట తీసుకువెళితే లోపలికి వెళ్లేముందే గ్రంథపాలకులకు చూపించి, మీ పేరు రాసి ఉన్న చీటీ లోపల పెట్టుకోండి.

ఒకే పుస్తకం రెండు ప్రతులు చేరినప్పుడు ఏది ఉంచాలన్న ప్రశ్న చివరికి అందరికీ ఎదురవుతుంది. శుభ్రమైనది ఉంచి నలిగినది ఇచ్చేయడం సహజం. ఈ సేకరణలో తలకిందులు చేయండి: ఊరి గ్రంథాలయ ముద్ర, పాత వెల చీటీ, పుటల పక్కన ఎవరో పెన్సిలుతో రాసుకున్న అభ్యంతరాలు ఉన్న ప్రతిని మీరు ఉంచుకుని, మచ్చలేని ప్రతిని మార్పిడికి ఇవ్వండి.